సమస్యాపూరణం: “చుక్క లారిపోవ సొగసు పెరిగె”

మోడరేటర్ (విజయనగరం): మార్క్‌డౌన్ (మామూలు రాతలోనే గుర్తులు పెట్టి సొగసులు దిద్దే పద్ధతి) ఫైలొకటి తెరకెక్కిస్తుంటే తట్టిన పాదం. అందరూ తెల్లవారుజాము మీదికే పోతారని తెలుసు, అయినా ఇస్తున్నాను.

పొందూరు ఖద్దరు:
అరసవల్లి గుడిని సూర్యుడు వెలుగొంద
కిరణ మంటి పదము కెంపు లీనె
తూర్పు దిక్కునందుఁ దొలిపొద్దు పొడువంగ
చుక్క లారిపోవ సొగసు పెరిగె

బొబ్బిలి వీణ: కిరణం పాదాన్ని తాకడం బాగుంది మాస్టారూ. కానీ యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ జత కుదరడం) చూస్తే ‘అ’కీ ‘సూ’కీ ఏటండి చుట్టరికం? సూర్యుణ్ణి దింపి ‘గుడిని నర్కుడు’ అనండి.

రాజాం కుర్రాడు:
మాట ముందు వెనుక నాటితిఁ జుక్కలు
లైబ్రరీయె చదివి లావు చేసె
తెరకు వచ్చు వేళఁ దేరిచూచినయంత
చుక్క లారిపోవ సొగసు పెరిగె

మోడరేటర్: ‘లైబ్రరి’కి యతిగా ‘లావు’ (బోల్డ్) దొరికిందే! భలే.

పొందూరు ఖద్దరు: ఎన్ని చుక్కలు (*) నాటావు బాబూ? అటొకటి ఇటొకటి అయితే అక్షరం పక్కకి వాలుతుంది, లావెక్కదు. ఇలా ఉండాలి:
రెండు రెండు చుక్క లండగా నాటితి
లైబ్రరీయె మాట లావు చేసె

రాజాం కుర్రాడు: ‘లండగా’ అందంగానే ఉంది గానీ ‘చదివి’ ఎగిరిపోయింది కదండీ. లైబ్రరీ (గుర్తుల్ని తెరమీది రూపంగా మార్చే ప్రోగ్రాం) ముందు మొత్తం చదివి, ఏది పేరా, ఏది బోల్డ్ అని చెట్టులా పేర్చుకుంటుంది. బ్రౌజర్ చూపించే హెచ్‌టీఎంఎల్ ఆ తర్వాతే. ‘నాటితి’ కూడా ఊరికే వేయలేదు. చుక్కకీ మాటకీ మధ్య ఖాళీ వదిలితే ** మాట ** అని చుక్కలు తెరమీదే కూర్చుంటాయి, ఆరవు.

బొబ్బిలి వీణ: చుక్కలకి బదులు __వీణ__ను అని గీతలు పెట్టి చూశాను. గీతలు గీతల్లాగే ఉన్నాయి!

రాజాం కుర్రాడు: విభక్తి అంటుకుంటే గీతలు పనిచేయవండి, కామన్‌మార్క్ (మార్క్‌డౌన్‌కి ప్రామాణిక రూపం) నియమం అంతే. **వీణ**ను అని రాస్తే సరి.

బొబ్బిలి వీణ: నియమాలంటే గుర్తొచ్చింది. మాస్టారి దసరా కందం నాలుగు పాదాలూ ఒకే వరుసలో వచ్చాయి, అదేం ఛందస్సో?

పొందూరు ఖద్దరు: పాదానికో ఎంటర్ కొట్టాను. చివర రెండు ఖాళీలు లేకపోతే వరుస విరగదని 2004లో మార్క్‌డౌన్ తెచ్చిన జాన్ గ్రూబర్ పెట్టిన నియమం. ఆయన కందాలు రాసి ఉంటే తెలిసేది.

రాజాం కుర్రాడు: మార్క్‌డౌన్-ఇట్ అనే లైబ్రరీలో ‘బ్రేక్స్’ ఆన్ చేస్తే ఎంటర్‌కే విరుగుతుంది మాస్టారూ.

బొబ్బిలి వీణ: విరిచినా సరే, కందంలో ఆరో గణం (అక్షరాల గుంపు) నలమో జగణమో కావాలి. అక్కడ భగణానికి ఏం పని?

మోడరేటర్: ఆ గొడవ ఆ కందం కిందే తేల్చుకోండి. ఇక్కడ నా ఓటు రాజాం పూరణకే, ‘చదివి’తో సహా.