యూపీఎఫ్ 50+ చొక్కా వేసుకున్నా భుజాల మీద దద్దు వచ్చింది, లేబుల్‌ను ఎంతవరకు నమ్మాలి?

వెన్నెలనీడ:
నాకు లూపస్ ఉంది, అంటే ఒంటి రోగనిరోధక శక్తే ఒంటి మీద దాడి చేసే జబ్బు. ఎండ తగిలితే దద్దుర్లు వస్తాయి, ఆ తర్వాత రెండు రోజులు ఒళ్లునొప్పులు. అందుకే నిండు చేతుల చొక్కా, టోపీ లేనిదే బయటికి వెళ్లను. ఈమధ్య ఎండ నుంచి కాపాడతాయన్న చొక్కాలు రెండు కొన్నాను. నీలం దాని లోపల కుట్టిన లేబుల్ మీద యూపీఎఫ్ 50+ (బట్ట ఎండలోని యూవీ కిరణాలను ఎంత ఆపుతుందో చెప్పే అంకె), దాని కింద ఏఎస్/ఎన్‌జెడ్‌ఎస్ 4399 అని ఉంది. రెండోది తెల్లది, ఒంటికి పట్టినట్టు సాగే రకం. దానికి వేలాడదీసిన అట్ట మీద మాత్రమే 50+ అని పెద్ద అక్షరాలు. అట్ట తెంపేశాక చొక్కా మీద ఇంకేమీ లేదు.

పోయిన వారం తెల్లది వేసుకుని మూడు గంటలు ఎండలో ఉన్నాను. సాయంత్రానికి రెండు భుజాల మీద, సరిగ్గా బట్ట బిగిసిన చోటే దద్దు లేచింది. చేతుల మీద వదులుగా ఉన్నచోట ఏమీ లేదు. అసలు ఈ అంకెను ఎవరైనా కొలుస్తారా, కంపెనీవాళ్లే రాసుకుంటారా? ఉతికేకొద్దీ తగ్గిపోతుందా? చాలా టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

పడుగుపేక:
నేను బట్టలు పరీక్షించే ల్యాబ్‌లో పదకొండేళ్లుగా పని చేస్తున్నాను, అందులో ఎక్కువ కాలం ఈ అంకెను కొలిచే యంత్రం దగ్గరే. ముందు మీ భుజాల సంగతి చెప్తాను. మేం కొలిచేటప్పుడు బట్టను సాగదీయం, తడపం. కొత్త బట్ట, పొడిగా, వదులుగా ఉన్నప్పటి అంకె అది. సాగే బట్ట ఒంటి మీద బిగిసినప్పుడు దారాల మధ్య సందులు తెరుచుకుంటాయి, అంకె బాగా పడిపోతుంది. దద్దు బిగిసిన చోటే వచ్చిందంటే నా అనుమానం ముందు దాని మీదే. ఒక సైజు పెద్దది తీసుకుని ఉంటే అదే బట్ట ఇంకా బాగా పనిచేసేది.

కొలిచే పద్ధతి ఇదీ. ఒకే బట్టలో కనీసం నాలుగు చోట్ల నుంచి ముక్కలు తీస్తాం. ఒక్కొక్కటీ లోపల తెల్లగా ఉండే గుండ్రటి గోళం నోటికి పెట్టి, 290 నుంచి 400 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దాకా ఎంత యూవీ దాటి వస్తుందో చూస్తాం. గోళం ఎందుకంటే, బట్టలోంచి వచ్చే వెలుగు తిన్నగా రాదు, నలువైపులా చెదురుతుంది. తిన్నగా వచ్చినదే లెక్కేస్తే బట్ట ఉన్నదానికంటే గొప్పగా కనిపిస్తుంది. తెల్ల బట్టల్లో ఇంకో చిక్కుంది. మెరుపు కోసం వేసే రసాయనం యూవీని మింగి నీలపు కాంతిగా వదులుతుంది. సరైన ఫిల్టర్ పెట్టకపోతే ఆ కాంతిని కూడా యంత్రం యూవీ అనుకుంటుంది.

యూపీఎఫ్ 50 అంటే చర్మాన్ని కందించే యూవీలో యాభయ్యో వంతు, అంటే 2 శాతం లోపలికి వస్తుందని. 15 అయితే దాదాపు 7 శాతం. నాలుగు ముక్కల సగటును అలాగే లేబుల్ మీద వేయకూడదు. ముక్కకీ ముక్కకీ ఉన్న తేడాను బట్టి కొంత తగ్గించి, కిందివైపున్న మెట్టుకు దించుతాం. మీ నీలం చొక్కా మీదున్న ప్రమాణంలో 2017 నుంచి 15, 30, 50, 50+ అనే మెట్లే ఉన్నాయి, 47 వస్తే 30 అన్నమాట. క్రీముల మీద ఉండే ఎస్‌పీఎఫ్ వేరు, దాన్ని మనుషుల చర్మం మీద రాసి చూస్తారు.

ఇక అంకె ఎవరిదన్న ప్రశ్న. ల్యాబ్ రిపోర్టు మాకు పంపిన ముక్క గురించే. దాన్ని లేబుల్ మీదికి ఎక్కించేది తయారీదారు. ముదురు నీలం ముక్క పంపించి, అదే అంకెను తెల్ల చొక్కాల మీద వేసుకోవడం నేను చూశాను. అది తప్పు, దాని మీద నాకు చాలా కోపం. ఒకే దారం, ఒకే నేత అయినా రంగు మారితే అంకె మారుతుంది.

మీ నీలం చొక్కా మీదున్నది ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల ప్రమాణం. ప్రపంచంలో ఈ రకం ప్రమాణం మొదట వచ్చింది అక్కడే, 1996లో. 2017లో సవరించినప్పుడు బట్ట ఒంటిని కనీసం ఎంత కప్పాలో కూడా చేర్చారు. మీకు మాత్రం యూరప్ వాళ్ల ఈఎన్ 13758-2 కూడా చూడమంటాను. మామూలు యూపీఎఫ్ లెక్కలో బరువంతా యూవీబీ వైపే, అంటే యూవీలో చర్మాన్ని ఎక్కువగా కందించే భాగం వైపే ఉంటుంది. లూపస్‌కు యూవీఏ, అంటే చర్మంలో లోతుకు దిగే మిగతా భాగం కూడా పడదు కదా, ఆ ప్రమాణం యూవీఏ సగటున 5 శాతం దాటకూడదని విడిగా అడుగుతుంది. దాని లేబుల్ మీద 40+ అని ఉంటుంది, 50 కాదని వదిలేయకండి.

ఈతపిల్లల అమ్మ:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా పాప ఈతకు వెళ్లినప్పుడు పైన తెల్ల కాటన్ టీషర్టు వేస్తాను, అది చాలదా?

పడుగుపేక:
చాలదండీ. మామూలు తెల్ల కాటన్ టీషర్టు పొడిగా ఉంటేనే 5 నుంచి 7 దాకా వస్తుంది, తడిస్తే 3 దాకా దిగుతుంది. నీళ్లు దారాల మధ్య నిండితే వెలుగు చెదరకుండా నేరుగా దాటిపోతుంది. తడి బట్టలోంచి ఒళ్లు కనిపించేదీ అందుకే. పాపకు ముదురు రంగు పాలిస్టర్‌ది, మెడ దగ్గర మూసి ఉన్నది, బిగుతుగా లేనిది చూడండి. కాటన్ కంటే పాలిస్టర్ తనంతట తానే యూవీబీని ఎక్కువ మింగుతుంది.

వెన్నెలనీడ గారూ, ఉతుకు గురించి చెప్పడం మరిచాను. అమెరికా పద్ధతిలో బట్టను 40 సార్లు ఉతికి, కృత్రిమ ఎండలో పెట్టి, ఈత దుస్తులైతే క్లోరిన్ నీళ్లలో కూడా ముంచి, అప్పుడు కొలుస్తారు. ఆ పద్ధతి పేరు ఏఎస్‌టీఎం డీ6544. కాటన్ అయితే మొదటి ఉతుకుల్లో కుంచించుకుని నేత దగ్గరపడి అంకె కొంచెం పెరగొచ్చు కూడా. భయపడాల్సింది పైపూతగా యూవీని ఆపే రసాయనం వేసిన పలచటి బట్టల గురించే.

వెన్నెలనీడ:
ఇప్పుడే తెల్ల చొక్కాను కిటికీ దగ్గర పట్టి చూశాను. మామూలుగా పట్టుకుంటే చెయ్యి కనిపించలేదు, భుజం దగ్గర సాగదీస్తే వేళ్లు లెక్కపెట్టేలా కనిపించాయి. అమ్మినవాళ్లకు మూడు విషయాలు అడుగుతూ రాశాను: ఏ ప్రమాణం, ఏ రంగు ముక్కను పరీక్షించారు, ఉతకకముందా తర్వాతా. అప్పటిదాకా నీలందే వేసుకుంటాను.

పడుగుపేక:
బాగా అడిగారు. కిటికీ పరీక్షలో ఓడిన బట్టను పక్కన పెట్టేయండి. గెలిచిందని మాత్రం పూర్తిగా నమ్మకండి, కంటికి కనిపించే వెలుగు ఆగినా యూవీ ఆగకపోవచ్చు. రిపోర్టు వస్తే ఇక్కడ పెట్టండి, యూవీఏ అంకె ఎక్కడుంటుందో చూపిస్తాను.