పేగులో పుండు టీబీయో క్రోన్సో తేలకపోతే ముందు టీబీ మందులు వేసి చూడడం సబబేనా?

నాగావళి (శ్రీకాకుళం):
కుడివైపు కిందిపొట్ట నొప్పి, నెలల తరబడి విరేచనాలు, బరువు తగ్గడం. కొలనోస్కోపీలో చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోట పుండ్లు. బయాప్సీ రిపోర్టు మాత్రం ‘టీబీ గానీ క్రోన్స్ (క్రిమి వల్ల కాకుండా పేగు వాచి పుండ్లు పడే దీర్ఘకాలపు జబ్బు) గానీ’ అని వదిలేస్తుంది. అలాంటప్పుడు ముందు టీబీ మందులు మొదలెట్టి చూడడం మన దేశంలో మామూలే. ఇది పద్ధతేనా, గుడ్డెద్దు చేలో పడ్డట్టా?

వంశధార:
పద్ధతే. టీబీని క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్ ఇస్తే జబ్బు ఒళ్లంతా పాకుతుంది. అదే పొరపాటు అటునుంచి జరిగితే పోయేది కొంత కాలం. కోర్సు 6 నెలలు: మొదటి 2 నెలలు నాలుగు మందులు, తర్వాత 4 నెలలు పైరజినమైడ్ తీసేసి మూడు. ప్రభుత్వాసుపత్రిలో ఉచితం, తిండికని నెలకి 1000 రూపాయలు ఖాతాలో పడతాయి.

చంపావతి (విజయనగరం):
కొంత కాలమే అయితే పేచీ లేదు మాస్టారూ. కానీ 2 నెలల దగ్గర ఆగి చూసేదెవరు? ‘ఇప్పుడు కాస్త నయంగా ఉందండీ’ అన్న మాట పట్టుకుని కోర్సంతా నడిపించేస్తారు. క్రోన్స్ తనంతట తానే తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది, టీబీ మందులతోనూ కొందరికి కొన్నాళ్లు తేలికపడుతుంది. ఈలోగా పేగు ఇరుకవుతుంది, ఫిస్టులాలు (పేగు నుంచి పక్కకి దొంగదారులు) పడతాయి.

చూడాల్సింది పుండు మానిందా లేదా అని. అందుకు 2 నెలలకి మళ్లీ స్కోపు వెయ్యాలి. టీబీ అయితే అప్పటికి పుండ్లు చాలావరకు మానతాయి. ఇరుకు మాత్రం మానిన మచ్చ వల్ల కూడా మిగులుతుంది, దాన్ని మందు పనిచెయ్యలేదనడానికి గుర్తుగా తీసుకోకూడదు. పుండు అలాగే ఉంటే క్రోన్స్ అన్నా కావాలి, మందులకి లొంగని టీబీ అన్నా కావాలి.

అసలు తగువు మొదటి స్కోపు దగ్గరే సగం తీరుతుంది. పుండు అంచుల నుంచి, అడుగు నుంచి కలిపి 6–8 ముక్కలు తియ్యాలి. కొన్ని ఫార్మలిన్‌లో పాథాలజీకి, మిగతావి నార్మల్ సెలైన్‌లో సీబీనాట్‌కీ (టీబీ క్రిమి జన్యువుని పట్టే పరీక్ష), కల్చర్‌కీ (క్రిమిని పెంచి చూసే పరీక్ష). అన్నీ ఫార్మలిన్‌లో పడేస్తే క్రిములు చచ్చిపోతాయి, ఇక కల్చర్‌లో ఏటి పెరుగుతాది? సీబీనాట్ పాజిటివ్ వస్తే దాదాపు ఖాయం. నెగటివ్ వస్తే మాత్రం టీబీ కాదనడానికి లేదు. చర్మంలోకి సూది వేసి చూసే మాంటూ పరీక్ష ఒక్కటే చూసి మందులు రాయడం మరీ అన్యాయం, మన దేశంలో ఏ జబ్బూ లేని పెద్దవాళ్లలోనూ చాలామందికి అది పాజిటివే.

ఉద్దానం ఫార్మసీ:
మూడోదాన్ని ఇద్దరూ వదిలేశారు. నొప్పి మాత్రలు! డైక్లోఫెనాక్ లాంటివి రోజూ మింగితే అదే చోట పుండ్లు పడతాయి, సన్నటి పొరలు ఉంగరాల్లా అడ్డొచ్చి దారి ఇరుకవుతుంది. ముందు అవి ఆపించి, కొన్ని వారాలాగి చూడాలి.

కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు ఎక్కువ; అటు మనుషులైతే క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడకుండా ఏదీ మొదలెట్టకండి బాబూ. కిడ్నీ బాగా దెబ్బతింటే టీబీ మందుల్లో ఇథాంబ్యుటాల్, పైరజినమైడ్ రోజూ కాక వారానికి 3 సార్లే ఇస్తారు. ఇథాంబ్యుటాల్ ఒంట్లో పేరుకుంటే దెబ్బ కంటిచూపు మీద. క్రోన్స్ అని మెసలమైన్ రాసినా కిడ్నీ మీద కన్నేసి ఉంచాల్సిందే. స్కోపు ముందు పేగు కడగడానికి ఫాస్ఫేట్ ద్రావణం వద్దు, పీఈజీ పొడి వాడాలి.

వంశధార:
కిడ్నీ మాట ఒప్పుకున్నాను. లివర్‌నీ మరవొద్దు: రక్తపరీక్షలో ఏఎల్‌టీ అనే లివర్ ఎంజైమ్ మామూలు గరిష్ఠానికి 5 రెట్లు దాటితే మందులు ఆపాలి, వాంతులో కామెర్లో ఉంటే 3 రెట్లకే. కానీ రెండో స్కోపుకి విశాఖ దాకా వెళ్లలేని వాళ్ల మాటేమిటి?

చంపావతి:
మలంలో కాల్‌ప్రొటెక్టిన్ (పేగు వాపుని చూపే ప్రొటీన్) చూడొచ్చు. అయితే మందులు మొదలెట్టక ముందొకసారి, 2 నెలలకి ఇంకోసారి. మొదటిది లేకపోతే రెండో అంకెకి అర్థం లేదు. అది తగ్గకపోతే మాత్రం అప్పు చేసైనా స్కోపుకి వెళ్లాలి. ఇక పొట్ట ఉబ్బి, వాంతులై, గాలి కూడా పోవడం లేదంటే ఈ లెక్కలేవీ వద్దు, ఆ పూటే సర్జన్ దగ్గరికి.