పోచంపల్లి చీర అసలుదేనని ఆన్‌లైన్‌లో ఎలా నమ్మించాలి?

అందరికీ నమస్కారం. మాది భూదాన్ పోచంపల్లి దగ్గర చేనేత కుటుంబం. నాన్న చిటికి కడతారు (రంగు అంటకూడని చోట పోగులకు ముడులు వేస్తారు), అమ్మ ఆసు పోస్తుంది (చిటికి కట్టే ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పుతుంది), చీరలు నేను వాట్సాప్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముతాను. ఈ పని చేసిపెట్టే చింతకింది మల్లేశం గారి ఆసు యంత్రం వచ్చాకే అమ్మకు భుజాల నొప్పి తగ్గింది. కొత్త యంత్రాలంటే మాకు కోపమేమీ లేదు.

బాధల్లా డిజిటల్ ప్రింట్లతోనే. మేం ఫొటో పెట్టిన డిజైనే కొద్ది రోజుల్లో పాలిస్టర్ మీద ప్రింటై, 'పోచంపల్లి' పేరుతోనే, మాకు పట్టు ఖర్చు కూడా రాని ధరకు కనిపిస్తోంది. చీర చేతిలో ఉంటే తేడా చెప్పడం తేలిక. పోగుకే రంగు అద్దుతాం కాబట్టి డిజైన్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది, రంగుల అంచులు కాస్త చెదిరినట్టుంటాయి. ప్రింటు చీర వెనకవైపు వెలిసినట్టుంటుంది. అమెరికాలో ఫోన్‌లో చూసే అక్కకు ఇదంతా ఎలా తెలుస్తుంది?

హ్యాండ్లూమ్ మార్క్, సిల్క్ మార్క్ లేబుళ్లతో పాటు ఒక్కో చీరకూ క్యూఆర్ కోడ్ పెట్టి, అది మగ్గం మీద ఉన్నప్పటి వీడియో చూపించాలని ఉంది. అలా చేసినవాళ్లున్నారా? ఖర్చెంత అవుతుంది? 1999 నాటి జీఐ (భౌగోళిక గుర్తింపు) చట్టం కింద 'పోచంపల్లి' పేరుకు అధీకృత వినియోగదారుగా నమోదైతే ఆ నకిలీ లిస్టింగులు తీయించగలమా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.