ఫ్రెడరిక్స్‌బర్గ్ 'సండే హౌస్'ల గురించి ఎవరికైనా తెలుసా?

అందరికీ నమస్కారం. మేం టెక్సస్‌లో, ఆస్టిన్‌లో ఉంటాం. మొన్న వీకెండ్‌కి ఫ్రెడరిక్స్‌బర్గ్ వెళ్లాం. 1846లో జర్మన్ వలసదారులు కట్టుకున్న ఊరు. ఒక్కో కుటుంబానికి ఊళ్లో ఇంటి స్థలం, బయట 10 ఎకరాల పొలం ఇచ్చారట.

నాకు నచ్చినవి మాత్రం 'సండే హౌస్'లు. కింద చిన్న గది, పైన అటక, అటక మీదికి బయటి నుంచే మెట్లు. దూరంగా పొలాల్లో ఉండే రైతులు శనివారం బండి కట్టుకొచ్చి, సరుకులు కొనుక్కుని, రాత్రి అందులో పడుకుని, ఆదివారం చర్చికి వెళ్లేవాళ్లట. (మా తాత సంతకెళ్తే బండి కిందే పడక!)

నా డౌట్ ఏంటంటే, ఆ రెండు రోజులూ ఇంటి దగ్గర పాడి ఎవరు చూసేవాళ్లు? ఎవరో ఒకరు ఉండిపోయేవాళ్లా, ఇరుగుపొరుగు వంతులేసుకునేవాళ్లా? అప్పటి ఉత్తరాలు, డైరీలు ఇంగ్లీషులో ఎక్కడ దొరుకుతాయి? నాకు జర్మన్ రాదు. తెలిసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.