సన్ కాన్యూర్‌ని ఆరుబయట వదలొచ్చా? పిలిస్తే తిరిగొస్తుందా?

కొబ్బరితోట (అమలాపురం దగ్గర)
అందరికీ నమస్కారం అండీ. మా ఇంట్లో 14 నెలల సన్ కాన్యూర్ (విదేశీ చిలక) ఉంది, పేరు పసుపమ్మ. కొన్నప్పుడు రెక్కలు కత్తిరించి ఇచ్చారు. ఆ ఈకలు రాలి కొత్తవి వచ్చాక బాగా ఎగురుతోంది. హాల్లో ఈ మూల నుంచి ఆ మూలకి 20 అడుగులు, ఈల వేస్తే వచ్చి చేతి మీద వాలుతుంది. పదికి పదిసార్లూ వస్తుంది. సార్వా కోతలు అయిపోయి మా ఇంటి వెనక చేలన్నీ ఖాళీగా ఉన్నాయి. ఒకరోజు పొద్దున్నే గట్టు మీదకి తీసుకెళ్లి వదులుదామనుకుంటున్నా. మా నాన్న "ఎగిరే పిట్టని పంజరంలో పెట్టడమే పాపం, వదిలెయ్" అంటున్నారు. మా ఆవిడేమో వదిలితే ఇంట్లోకి రావద్దంది. పిట్టని కాదు, నన్ను. మీరేమంటారు?

రాజోలు పిట్టగోడ
వదలకండి. నా కాకటీల్ (అదీ ఓ రకం విదేశీ చిలకే) అలాగే పోయింది. అది కూడా ఇంట్లో పదికి పదిసార్లు వచ్చిందే. బయట మొదటి రెండుసార్లు కూడా వచ్చింది. మూడోసారి గాలి కొట్టింది. ఒక్క ఊపున పైకి లేచి కొబ్బరిచెట్టు మొవ్వులో కూర్చుంది. నేను కింద నుంచి పిలుస్తుంటే పై నుంచి బదులు పలుకుతూనే ఉంది. మధ్యాహ్నం దాకా అదే. సాయంత్రానికి కాకులు చేరాయి. తెల్లారి వెళ్లి చూస్తే లేదు. నా మీద అలిగి రాలేదని నెలరోజులు బాధపడ్డా. తర్వాత తెలిసినవాళ్లు చెప్పారు: దానికి రావాలనే ఉంది, అంత ఎత్తు నుంచి నిటారుగా దిగడం రాదు. హాల్లో అది ఎప్పుడూ అడ్డంగానే ఎగిరింది కదా.

లంక కుర్రాడు
ఇదంతా అతి అండీ బాబూ. మా తాతగారి రామచిలుకకి పంజరమే లేదు. పొద్దున్న ఎగిరిపోయి సాయంత్రం జామచెట్టు మీదకి వచ్చేది. దానికెవరు ట్రైనింగ్ ఇచ్చారు?

పంటకాలువ
తమ్ముడూ, మీ తాతగారి చిలక పుట్టిందే ఆ ఊళ్లో. ఏ గద్ద ఎటు నుంచి వస్తుందో తోటి చిలకల అరుపు విని నేర్చుకుంది. ఈ కాన్యూర్ జాతిది దక్షిణ అమెరికా. ఇక్కడ దాన్ని హెచ్చరించే గుంపు లేదు. పైగా పసుపు రంగు, పచ్చటి చేలో పసుపుముద్దలా రెండు ఫర్లాంగుల నుంచి కనిపిస్తుంది.

ఇంకోటి, ఇది చదివి ఎవరైనా రామచిలుకని తెచ్చుకుంటారేమో. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దేశవాళీ చిలకల్ని పట్టడం, అమ్మడం, పెంచడం నేరం. సన్ కాన్యూర్ పెంచుకోవచ్చు కానీ 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. కొబ్బరితోట గారూ, చేశారా?

భీమవరం బాబాయ్
నేను రెండు కాన్యూర్లని బయట ఎగరేస్తున్నా, మూడేళ్లయింది. వదలొచ్చు అనే నేనంటాను. కానీ మీరు చెప్పిన పద్ధతిలో మాత్రం కాదు.

హాల్లో 20 అడుగులు రావడం అంటే ఒకటో తరగతి. పుల్ల చివర ముక్కుతో తాకడం నేర్పారా? అది వస్తే పిట్టని ఎక్కడికి కావాలంటే అక్కడికి నడిపించొచ్చు. తర్వాత మెట్లు. మీరు కింద నిలబడి, దాన్ని రెండో మెట్టు మీద నుంచి పిలవండి. తర్వాత నాలుగో మెట్టు, ఆ తర్వాత మేడ మీద నుంచి. దిగడం వస్తే కొబ్బరిచెట్టు భయం సగం పోతుంది. నాకు ఈ ఒక్క పనికే ఐదు నెలలు పట్టింది. వచ్చిన ప్రతిసారీ పొద్దుతిరుగుడు గింజ. ఆ గింజ మామూలు తిండిలో అస్సలు పెట్టకూడదు, లేకపోతే దాని కోసం ఎందుకొస్తుంది?

రోజూ గ్రాముల కాటా మీద తూయండి. మా ఊళ్లో కోడిపుంజుకి జీడిపప్పు, బాదంపప్పు తినిపించేవాళ్లు కూడా నా కాటా చూసి నవ్వారు, అది వేరే సంగతి.

చోటు కూడా చూసుకోవాలి. చెరువుల పక్కన వద్దే వద్దు. కొంగలు దిగకుండా రొయ్యల చెరువుల మీద అడ్డంగా కట్టే సన్న దారాలు పిట్టకి కనపడవు. ఎవరో ఒకరు టపాసు పేలుస్తారు, బెదిరితే ఎటు పోతుందో తెలీదు. మధ్యాహ్నం సముద్రపు గాలి లేవకముందే ముగించాలి. సంక్రాంతి వారం అంతా పంజరంలోనే. గాలిపటాల దారం రెక్కని కోసేస్తుంది.

చిలకపచ్చ చీర
బాబాయ్ గారూ, కాటా ఎందుకో సూటిగా చెప్పండి. ఆకలితో ఉంచితేనే వస్తుందని కదా? కడుపు మాడ్చి రప్పించుకుని దాన్ని ప్రేమ అనడం నాకు మింగుడు పడదు.

భీమవరం బాబాయ్
లేదమ్మా, తిండి తగ్గించడానికి కాదు కాటా. పొద్దున టిఫిన్ పెట్టే ముందు ట్రైనింగ్ చేస్తాను, అంతే. బరువు రెండు రోజులు వరసగా తగ్గితే జబ్బేమోనని అనుమానించాలి, చిలకలు జబ్బుని పైకి కనపడనివ్వవు. కొందరు మాడుస్తారన్నది నిజం. వీడియోల కోసం చేసేవాళ్లని నేనూ చూశాను.

రాజోలు పిట్టగోడ
సూటిగా ఇంకో ప్రశ్న. ఈ మూడేళ్లలో మీ దగ్గర ఎన్ని పిట్టలు పోయాయి?

భీమవరం బాబాయ్
ఒకటి. ముందు మూడు ఉండేవి. డేగ ఎత్తుకుపోయింది, నా కళ్లముందే. పిలిస్తే వస్తూనే ఉంది.

రాజోలు పిట్టగోడ
నేను చెప్పేదీ అదే. మీరు బాగా నేర్పారు, అది బాగా నేర్చుకుంది, అయినా పోయింది. డేగకి మన ట్రైనింగ్‌తో పనేముంది?

భీమవరం బాబాయ్
కాదనను. కానీ పంజరంలో కూర్చుని కొవ్వు పట్టి, ఈకలు పీక్కుని చచ్చిన పిట్టల లెక్క ఎవరూ తియ్యరు.

పంటకాలువ
మధ్యేమార్గం హార్నెస్ ఉంది కదా. రెక్కల కింద నుంచి వేసే పట్టీ, దానికి సాగే తాడు. తొడిగించుకోవడానికే వారాలు పడుతుంది, బలవంతం చేస్తే చెయ్యి చూస్తేనే పారిపోతుంది. కానీ కాలికి మాత్రం దారం కట్టకండి. ఎగిరి ఊపు మీద ఆగితే కాలు విరుగుతుంది.

లంక కుర్రాడు
తాడు కట్టి ఎగరేస్తే అది గాలిపటం అవుద్ది గానీ చిలక ఎలా అవుద్ది అండీ.

కొబ్బరితోట
అందరికీ ధన్యవాదాలు. నమోదు చేయలేదు, నిన్న రాత్రే కాగితాలు వెతకడం మొదలెట్టా. గట్టు మీదకి వెళ్లడం మానుకున్నా. ఇవాళ పొద్దున మెట్ల దగ్గర చూశాను. మూడో మెట్టు మీద నుంచి దిగింది. ఐదో మెట్టు మీద పెట్టి పిలిస్తే రెక్కలు విప్పింది, మూసింది, కిందికి చూసింది, ఒక్క అరుపు అరిచింది. చివరికి నడుచుకుంటూ ఒక్కో మెట్టూ దిగి వచ్చింది. హాల్లో పదికి పదిసార్లు వచ్చిన పిట్టేనండీ ఇది. నడిచి వచ్చినా గింజ పెట్టాలా, వద్దా?

భీమవరం బాబాయ్
పెట్టొద్దు. రేపు మళ్లీ మూడో మెట్టు నుంచి మొదలెట్టండి.