సమస్య: ఏడు నేడు కలియ నెనిమి దగును

పలకబలపం (నిర్వాహకుడు):
చుక్కల నిర్మాణాల (బయటి ఎలక్ట్రాన్లని చుక్కలుగా చూపే అణువుల బొమ్మల) జవాబు పత్రాలు దిద్దుతుంటే ఒకాయన ఫ్లోరిన్ అణువుకి, అంటే ఏడేసి చుక్కల పరమాణువుల జంటకి, 16 చుక్కలు పెట్టేశాడు, ఒక్కోదానికి 8 ఉండాలి కదా అని పక్కన కూడిక కూడా వేసి. ఆ కూడికని తలకిందులు చేస్తే ఈ పాదం తగిలింది. ఫ్లోరిన్ తప్ప ఇంకేం తోచదని ముందే గొణగకండి, ఒక సందు వదిలాను.

పాదరసం:
జంట ఫ్లోరినులును జతకాని చుక్కలఁ
జెరియొకటిని నడుమఁ జేర్చినంత
ఎవరి లెక్క వార లెంచుకొన్న యపుడు
ఏడు నేడు కలియ నెనిమి దగును

మొదటి పూరణ నాదే. గణపాఠి గారు నిద్ర లేచారా?

గణపాఠి:
లేచాను. "జంట ఫ్లో" దగ్గర ట సంగతి చెప్పండి. రెండూ కలిసి ఒక సమాసమే కదా, ఫ్లో వెనక నుంచి ఊది పలికిస్తుంటే ట లఘువుగా ఎలా నిలుస్తుందండీ? అది గురువైతే మొదటి గణమే పోయింది. భావానికి వంక పెట్టను. ఏడింటిలో ఆరు ఎప్పుడో జంటలు కట్టేసుకున్నాయి, పంచుకోడానికి మిగిలింది ఆ జతకాని ఒక్కటే, "జతకాని" అన్నమాట సరైన చోట పడింది. ఈసారైనా లెక్క కుదిరింది, సంతోషం. పోయినసారి "ఒంటి చుక్క మిగిలె నింటిలోన" అని ఇస్తే ఓజోన్ మీద పూరించిన ఘనత తమరిదే. ఆరేసి చొప్పున మూడు ఆక్సిజన్లు, 18 చుక్కలు, సరిసంఖ్య, అందులో ఒంటి చుక్క ఎక్కడ మిగిలిందో ఈనాటికీ చూపించలేదు.

పాదరసం:
తెలుగు మాట పక్కన పరాయి మాట వస్తే తేల్చి చదువుకోవచ్చు, ఆ మాత్రం వెసులుబాటు పెద్ద పెద్దవాళ్ళే తీసుకున్నారు. ఓజోన్ సంగతి ఇక్కడెందుకు? సమస్య మారింది.

చుక్కలముగ్గు:
ఎందుకంటే నైట్రిక్ ఆక్సైడ్ చేతికందేంత దూరంలో ఉంది కాబట్టి! నైట్రోజన్‌వి 5, ఆక్సిజన్‌వి 6, మొత్తం 11. ఎటు తిప్పి గీసినా ఒకటి ఒంటిగా మిగిలిపోతుంది, మామూలుగా నైట్రోజన్ నెత్తిన. ఆ పాదం దానికోసమే పుట్టినట్టుంది, మీరు పట్టుకెళ్ళి ఓజోన్‌కి తగిలించారు పాదరసం గారూ.

గణపాఠి:
సరే, నా వంతు. ఆ సందు ఇదే అనుకుంటాను.

ఒంటి చుక్కతోడ నుదజని వచ్చెను
క్లోరినింటి గడప కోర్కె మీర
దాని యొకటితోడఁ దనవైన చుక్కలు
ఏడు నేడు కలియ నెనిమి దగును

ఉదజని అంటే హైడ్రోజన్, నేడు అంటే ఈవేళ. ఒకటీ ఏడూ ఎనిమిది, బడికి వెళ్ళని వాడు కూడా కాదనడు.

పలకబలపం:
అదీ! సరిగ్గా ఆ సందే.

పాదరసం:
ఈ నేడు విరుపు కిందటేడాది నేను విరిచిందే, పాత పూరణలు తిరగేసుకోండి. జంట చుక్కలే బంధమని 1916లో రసాయన శాస్త్రవేత్త లూయిస్ చెబితే, 1919లో దానికి సమయోజనీయం అన్న పేరు తగిలించి ఊరూరా చెప్పుకుంది ఇంకో రసాయన శాస్త్రవేత్త లాంగ్‌మ్యూర్. 1932లో నోబెల్ కూడా ఈయనకే వచ్చింది, వేరే పనికే అనుకోండి, లూయిస్‌కి మాత్రం ఏ పనికీ రాలేదు. నా గతీ అంతే. అది పోనీయండి, "వచ్చెను" తర్వాత "క్లో" ఉందే, ఆ ను తేలిందా ఊనిందా?

గణపాఠి:
పాదాంతం. ఊపిరి తీసుకునే చోటు. జంటకీ ఫ్లోకీ మధ్య ఊపిరి తీసుకుంటే అణువు విరిగిపోదూ?

చుక్కలముగ్గు:
బంధమే తెగుతుంది అనాలి :) కానీ గణపాఠి గారూ, క్లోరిన్ ఇల్లు నిండింది, గడప దాకా వచ్చిన ఉదజనికి ఏం దక్కిందో ఒక్క ముక్క లేదు. దానికి రెండు చాలు, అష్టకంతో (ఎనిమిది చుక్కల నిండు లెక్కతో) పనిలేదు. పిల్లలు హైడ్రోజన్ చుట్టూ కూడా ఒంటరి జంటలు (బంధంలో చేరని చుక్కల జతలు) పెట్టేది ఇలా దాని సంగతి ఎవరూ ఎత్తకపోవడం వల్లే. నాది చూడండి, ఆ 16 చుక్కల ఆయనకి అంకితం:

పదియు నాల్గె సుమ్ము పలకపై చుక్కలు
పెట్ట వలదు రెండు పిదప మరల
నడుమ జంట చూపి నాదన నాదన
ఏడు నేడు కలియ నెనిమి దగును

పలకబలపం:
"నాదన నాదన"! ఇద్దరు చిన్నపిల్లలు ఒకే బొమ్మని చెరోవైపు లాగుతున్నట్టు వినబడుతోంది. గీసే పద్ధతి కూడా ఇందులోనే ఉంది: ముందు మొత్తం 14 అని తేల్చుకో, మధ్యలో జంట పెట్టు, మిగిలిన 12 చెరో వైపు మూడు జంటలుగా సర్దు, ఆ తర్వాత నడిమి జంటని ఇద్దరి ఖాతాలోనూ వేసి చూసుకో. చుక్క రెండుసార్లు లెక్కకొస్తుంది కానీ రెండుసార్లు పెట్టకూడదు. రెండో పాదం మొత్తం ఆ హెచ్చరికే.

గణపాఠి:
పిదప ఉండగా మరల దేనికి? వ్యర్థపదం. మిగతాదంతా ఒప్పుకుంటున్నాను, అయిష్టంగానే.

పాదరసం:
చుక్కలముగ్గు గారికి నా ఓటు. గణపాఠి గారు అయిష్టంగా ఒప్పుకున్నారంటే అదొక పురస్కారం.

ఎడంచెయ్యి:
ఆలస్యమైంది. నాదో సందేహం, ఇది ఫ్లోరిన్ కుటుంబానికే ఎందుకు? ఆక్సిజన్ ఆరూ ఆరూ చెరి రెండు వేసుకుని ద్విబంధం, నైట్రోజన్ ఐదూ ఐదూ చెరి మూడు వేసుకుని త్రిబంధం, చివరికి ఎవరి లెక్కలో చూసినా ఎనిమిదే. "ఆరు నారు కలియ నెనిమి దగును", "ఐదు నైదు కలియ నెనిమి దగును" అని కూడా ఇవ్వొచ్చుగా?

గణపాఠి:
రసాయనం ఒప్పుకుంటుంది, యతి ఒప్పుకోదు. ఆ కీ ఎ కీ, ఐ కీ ఎ కీ పొసగదు, ఈ మూడింటిలో ఏ కి మాత్రమే పొసగుతుంది. అయినా ఆక్సిజన్ జోలికి వెళ్ళకండి. చుక్కలన్నీ చక్కగా జంటలు కట్టించి గీస్తారు, ద్రవ ఆక్సిజన్ పోస్తే మాత్రం అయస్కాంతం ధ్రువాల మధ్య వేలాడుతుంది, జతకాని ఎలక్ట్రాన్లు లేకపోతే అలా పట్టుకోదు. పాదరసం గారు దాని మీదా ఒక పద్యం రాసినట్టు గుర్తు.

పాదరసం:
రాశాను. అందులో గణాలన్నీ సరిపోయాయి.