మనవలను వదిలి 18 నెలలు ఘనాలో మత సేవ: ఇది ధర్మమా, బాధ్యత తప్పించుకోవడమా?

కృష్ణాతీరం (లేహై, యూటా)

మా పక్కింటి పెద్దవాళ్ళ విషయంలో మా ఇంట్లో చాలా రోజులుగా తెగని వాదన ఒకటి నడుస్తోంది. మీరేమంటారో వినాలని ఇక్కడ పెడుతున్నాను.

ఆయనకు 69, ఆవిడకు 66. ఆయన హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆవిడ ముప్పై ఏళ్ళు కాన్పుల వార్డులో నర్సు. ఇద్దరూ లేటర్ డే సెయింట్స్, అంటే లోకం మోర్మన్లని పిలిచే సంఘం వాళ్ళు. ఆ సంఘంలో రిటైరైన భార్యాభర్తలు కలిసి మిషన్‌కి, అంటే మత సేవకు, వెళ్ళడం మామూలే. 6, 12, 18, 23 నెలల గడువులుంటాయి. జీతం లేదు, అద్దె, తిండి సొంత డబ్బుతోనే. వీళ్ళు ఇల్లు అద్దెకిచ్చి, కారు కొడుక్కి అప్పగించి ఘనాలోని కేప్ కోస్ట్‌కి వెళ్ళారు. ఏడుగురు మనవలు. ఏడోవాడు వీళ్ళు వెళ్ళిన నాలుగో నెలలో పుట్టాడు.

వాళ్ళు బయల్దేరేటప్పుడు మా అమ్మ ఇక్కడే ఉంది, మా రెండో పాప కోసం ఆరు నెలలకు వచ్చి. పాప స్నానానికి నీళ్ళు తొలుపుతూ ఒకే మాట అంది: "కోడలు చూలాలని తెలిస్తే ఎక్కడున్నా పరిగెత్తుకొస్తారు గానీ, ఉన్నవాళ్ళు లేచిపోతారట్రా?"

ఆదివారాలు వాళ్ళతో మాట్లాడుతుంటాం. వేసవిలో మా ఉదయం ఎనిమిది వాళ్ళకు మధ్యాహ్నం రెండు. అక్కడ వాళ్ళ రోజు తెల్లవారకముందే మొదలవుతుంది. కరెంటు ఉండగానే మోటారు వేసి పైన నల్ల ట్యాంకు నింపుకోవాలి. కరెంటు కోతకు అక్కడ 'డుమ్‌సోర్' అని పేరే ఉంది, పోవడం రావడం అని అర్థమట. నీళ్ళు కాచి వడగట్టుకోవాలి, టిఫిన్‌తో పాటు మలేరియా మాత్ర వేసుకోవాలి. తర్వాత ఆయన పికప్ బండి తీసుకుని కుర్ర మిషనరీలు ఉండే గదులకు తిరుగుతారు. దోమతెరకు చిల్లులున్నాయా, గ్యాస్ ఉందా, ఎవరికైనా జ్వరమా అని చూస్తారు. అందరూ ఇరవై ఏళ్ళకు అటూ ఇటూ పిల్లలు. సూదీదారం ఆయన చొక్కా జేబులోనే ఉంటుందిట.

ఆవిడ వారంలో మూడు రోజులు ఆసుపత్రుల్లో మంత్రసానులకు శిక్షణ ఇచ్చేచోట సాయం చేస్తారు. పుట్టగానే ఊపిరి తీయని బిడ్డకు ఊపిరి అందించడం ఎలాగో నేర్పే శిక్షణ అది. వీడియోలో నాకు చూపించారు. ఒక రబ్బరు బొమ్మ. లోపల గోరువెచ్చని నీళ్ళు పోస్తే అప్పుడే పుట్టిన బిడ్డంత బరువూ వెచ్చదనమూ వస్తాయి. తల వెనక్కి వాలిపోతుంది, పట్టుకోవాలి. చిన్న బుడ్డి నొక్కితే బొడ్డుతాడులో నాడి కొట్టుకుంటుంది. మొదటి నిమిషంలో ఊపిరి మొదలవ్వాలి, దాన్నే 'బంగారు నిమిషం' అంటారు.

దీనికి మూల్యం కూడా చెల్లించారు. ఆయన అక్క మార్చిలో పోయారు. అంత్యక్రియలు ఫోన్‌లో చూశారు, మధ్యలో కరెంటు పోయింది.

నేను వాళ్ళు చేసింది సరైనదే అంటాను. అమ్మ కాదంటుంది. మీరు చెప్పండి.

పెనమలూరు మాస్టారు

బాబూ, నాకు 71. డాలస్‌కి రెండుసార్లు మనవల కోసం వచ్చాను కాబట్టి అమ్మగారి బాధ తెలుసు. అయినా ఆవిడ మాటతో ఏకీభవించను. వానప్రస్థం ఎప్పుడు మొదలవ్వాలో మనుస్మృతి ఆరో అధ్యాయం మొదట్లోనే చెప్పింది: ఒంటి మీద ముడతలు, తలమీద నెరుపు, బిడ్డకు బిడ్డ కనిపించగానే అడవికి పొమ్మంది. మనవడు పుట్టడం అక్కడ బయల్దేరడానికి గుర్తు. మనమే దాన్ని ఆగిపోవడానికి కారణంగా మార్చుకున్నాం. భార్యను వెంట తీసుకెళ్ళవచ్చని కూడా ఉంది.

నా అభ్యంతరం వేరేచోట ఉంది. అడవికి పోయినవాడు ఎవరింటి తలుపూ తట్టడు. వీళ్ళు ఒక మతం పేరున, ఛాతీమీద బ్యాడ్జీ పెట్టుకుని, అవసరంలో ఉన్నవాళ్ళ దగ్గరకు వెళ్తున్నారు. బొమ్మకు ఊపిరూదడం నేర్పండి, సంతోషం. ఆ బ్యాడ్జీ దేనికి?

లెక్క తేలాలి

మాస్టారు మర్యాదగా అన్నారు, నేను సూటిగా అంటాను. ఇద్దరి విమానాలు, పద్ధెనిమిది నెలల అద్దె, బండి, బీమా. అదంతా నేరుగా ఆ ఊరి ఆసుపత్రికి పంపితే స్థానికంగా ఒక నర్సును ఎన్నేళ్ళు పెట్టుకోవచ్చో లెక్కేయండి. వెళ్ళేవాళ్ళ తృప్తికి అక్కడివాళ్ళ అవసరం సాకు కాకూడదు.

చరిత్ర కూడా చూడండి. నల్లజాతివారికి పౌరోహిత్యం ఇవ్వబోమని ఈ సంఘం 1978 జూన్ దాకా అంది. అప్పటికే కేప్ కోస్ట్‌లో జోసెఫ్ విలియం బిల్లీ జాన్సన్ అనే ఘనా మనిషి 1964 నుంచి, ఏ అమెరికా మిషనరీ లేకుండానే, ఆ విశ్వాసాన్ని ప్రచారం చేస్తున్నాడు. పద్నాలుగేళ్ళు వాళ్ళే నడుపుకున్నారు. బానిసల్ని చీకటి కొట్లలో కుక్కి ఓడలెక్కించిన కోట కూడా ఆ ఊళ్ళోనే ఉంది. ఆ గడ్డ మీద తెల్లవాళ్ళు వెళ్ళి నేర్పేదేమిటి?

న్యూజెర్సీ కోడలు

నేను ఆ కోడలి స్థానంలో ఉన్నదాన్ని కాబట్టి రాస్తున్నాను.

మాకు కవలలు. మొదటి ఆరు నెలలు మా అమ్మ, తర్వాత ఆరు నెలలు మా అత్తయ్యగారు. వాళ్ళు లేకపోతే నేను ఉద్యోగం మానేసేదాన్ని, అందులో సందేహం లేదు. అత్తయ్యగారు ఇక్కడ ఉన్నన్నాళ్ళూ ఉదయం ఆరు నుంచి రాత్రి పది దాకా పనే. బయట మంచు. తెలుగు మాట్లాడటానికి మేమిద్దరం తప్ప మనిషి లేడు. ఒకరోజు పాలసీసాలు కడుగుతూ అడిగారు: "పద్మావతిగారి భజన మండలిలో నా చోట ఇప్పుడు ఎవరు హార్మోనియం వాయిస్తున్నారో కనుక్కుంటావామ్మా?" పాతికేళ్ళుగా వారానికోసారి వాయించే ఆవిడ. నేను ఆ సంగతి ఆలోచించనే లేదు.

కృష్ణాతీరం గారి అమ్మగారిని నొప్పించడం నా ఉద్దేశం కాదు. కానీ అరవై దాటిన ఆడమనిషి ఒంట్లో మిగిలిన శక్తి అంతా కొడుకుల పిల్లలకే రాసిపెట్టి ఉందని ఎవరు తేల్చారు? ఆ నర్సుగారు ముప్పై ఏళ్ళు నేర్చుకున్నది వాడుకోవడానికి వెళ్ళారు. కోడలికి కష్టమయ్యే ఉంటుంది. ఆ కష్టం మాటా దాచొద్దు, ఆ నర్సుగారిని దోషిగానూ నిలబెట్టొద్దు.

టెమా తెలుగోడు

నాది కరీంనగర్. ఘనాల, అక్రా పక్కనున్న టెమాల మందుల కంపెనీల ఎనిమిదేండ్ల సంది పని చేస్తున్న. కేప్ కోస్ట్ ఈడికెళ్ళి బండి మీద మూడు నాలుగు గంటలు, అక్రా ట్రాఫిక్‌ను బట్టి.

లెక్క తేలాలి అన్నా, నీ కోపంల న్యాయం ఉన్నది. కోట సంగతి నిజం. నేను ఆ కొట్లల్లకు పోయి వచ్చిన, రెండు రోజులు మాట రాలే. కానీ ఒక సంగతి యాదుంచుకో. ఘనాల తెల్ల వెంట్రుకలకు ఉన్న విలువ వేరే. 'నానా' అంటరు, తాతకు అదే మాట, అమ్మమ్మకు అదే మాట, ఊరి రాజుకు గూడ అదే. మా కంపెనీకి పాతికేండ్ల కన్సల్టెంటు వచ్చి చెప్తే ఇనెటోళ్ళు తక్కువ. ముసలామె ప్లాస్టిక్ కుర్చీల కూసొని చెప్తే అందరు దగ్గరికి జరుగుతరు. డబ్బు పంపితే డబ్బొస్తది, తల నెరిసిన మనిషి రాదు గద.

నువ్వన్న 1978 సంగతికే ఇంకో ముక్క. ఆ ఏడాది నవంబరుల ఈ సంఘం పశ్చిమాఫ్రికాకు పంపిన మొదటోళ్ళు ఎవరనుకున్నవ్? రెండు జంటలు. మేబీ దంపతులు, కానన్ దంపతులు. మేబీకి అప్పటికే డెబ్బై. బిల్లీ జాన్సన్ మనుషులకు డిసెంబరుల బాప్తిస్మం ఇచ్చింది వాళ్ళే. పద్నాలుగేండ్లు ఎదురుచూసినోళ్ళ దగ్గరికి పోయిన్రు, పిలవని పేరంటం కాదు.

గుండ్లకమ్మ ఒడ్డు

మాస్టారు గారూ, బ్యాడ్జీ ప్రశ్న మా ఇంటి ప్రశ్న. ఒంగోలు బాప్టిస్టు కుటుంబం మాది.

1876–78 ధాత కరువులో అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడు మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి ఇప్పించాడు. మా పూర్వీకుడు అందులో పలుగు పట్టినవాడని ఇంట్లో చెప్పుకుంటారు. కరువు సాయం నడుస్తున్నంత కాలం, పదిహేను నెలల పాటు, ఎంతమంది అడిగినా క్లౌ బాప్తిస్మం ఇవ్వలేదు. కూటికోసం వచ్చారన్న మాట పడకూడదని ఆపేశాడు. సాయం ముగిశాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగారు. అయినా ఆ మాట మమ్మల్ని వదల్లేదు. నా చిన్నప్పుడు బళ్ళో కూడా విన్నాను.

కాబట్టి నా పక్షం ఇది: వెళ్ళండి, కానీ అన్నం పెట్టే చెయ్యీ బాప్తిస్మమిచ్చే చెయ్యీ ఒకటి కాకూడదు. కృష్ణాతీరం గారూ, మీ పక్కింటావిడ శిక్షణ ఇచ్చేచోట మతం మాట ఎత్తుతారా? అది తేలాకే నేను ఎటు వైపో చెప్తాను.

దూరదేశాలకు వెళ్ళిన మిషనరీలంటే అందరూ తెల్లవాళ్ళనుకోకండి. 1903లో నెల్లూరి నుంచి జాన్ రంగయ్య దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు వెళ్ళాడు, అక్కడి చెరుకు తోటల్లో కూలికి పోయిన మన తెలుగువాళ్ళ కోసం. పంపింది తెలుగు సంఘాలే.

కృష్ణాతీరం (లేహై, యూటా)

అందరి ప్రశ్నలూ నిన్న ఆదివారం ఫోన్‌లో మా పక్కింటావిడ ముందు పెట్టాను. కోటతో సహా ఏదీ దాచలేదు.

గుండ్లకమ్మ గారూ, శిక్షణ గదిలో మతం మాట ఎత్తకూడదని వాళ్ళకు గట్టి నియమం ఉందట. ప్రార్థనా, బోధనా ఆదివారం వాళ్ళ చర్చిలో. బ్యాడ్జీ మాత్రం తియ్యరు. మాస్టారి అభ్యంతరానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు, అది ఒప్పుకుంటున్నాను.

కోట గురించి ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఎడమచేతి సంగతి చెప్పారు. ఆవిడది ఎడమచేతి వాటం. ఘనాలో కూడా మనలాగే ఎడమచేత్తో ఏదీ ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు, పెద్ద అవమానం. ఇక్కడుండగా మా అమ్మ పులిహోర గిన్నె అందిస్తే ఆవిడ ఎడమచెయ్యి చాచడం, అమ్మ గిన్నె వెనక్కి లాక్కుని నవ్వుతూ కుడిచేతిలో పెట్టడం నాకు గుర్తుంది. కేప్ కోస్ట్ సంతలో మొదటిరోజు డబ్బులిస్తూ అదే తప్పు చెయ్యబోయి, మా అమ్మ గుర్తొచ్చి చెయ్యి మార్చానన్నారు. "నేర్పడానికి వచ్చాననుకున్నాను, ఆరు నెలలు చెయ్యి ఎలా చాపాలో నేర్చుకున్నాను" అన్నారు.

లెక్క తేలాలి గారూ, స్థానిక నర్సు సంగతి. మొదటి రెండు శిక్షణలు ఆవిడ పక్కనుండి నడిపించారు. పోయిన నెల మూడోది ఇద్దరు ఘనా మంత్రసానులే మొత్తం వాళ్ళ భాషలో చెప్పుకున్నారట. ఆవిడ ఏం చేశారని అడిగాను. కెటిల్‌లో నీళ్ళు వెచ్చబెట్టి బొమ్మల్లో పోశారట.

అమ్మ పక్కనే కూర్చుని వింది. మనవడి మాట మళ్ళీ ఎత్తింది, ఆ విషయంలో ఇంకా మెత్తబడలేదు. వచ్చే ఆదివారం ఫోన్ మాత్రం తనకే ఇవ్వమంది, గోరువెచ్చన అంటే మోచేత్తో చూసుకుంటున్నారో లేదో అడగాలట.